మునగాలలో లింకన్, మూసీ ఒడ్డున మార్క్స్

హైదరాబాదులో కోఠీ దగ్గర బ్రిటిష్ రెసిడెంటు మేడకు వెనకగా పారిన మూసీ, నల్లగొండ జిల్లా దాటబోయే ముందు వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. సంగమం గట్టున అగస్త్యేశ్వరుడి గుడి, మరో పక్క లక్ష్మీనరసింహుడి గుడి. స్నానానికి దిగి తలెత్తి చూస్తే ఎదురుగా పల్నాడు. ఇవాళ అది వేరే రాష్ట్రం, 1948కి ముందు వేరే రాజ్యం. ఇవతల నిజాం ఇలాకా, అవతల ఇంగ్లీషు వాళ్ల గుంటూరు జిల్లా. పుట్టి ఎక్కి అవతలి ఒడ్డుకు చేరితే చట్టం మారేది, నాణెం మారేది, కచేరీలో రాసే భాష కూడా మారేది.

మారనిది ఒకటుంది. రెండు ఒడ్లకూ పైన ఉన్న దొర ఒక్కడే. 1798లో నిజాం కుంపెనీతో సైన్య సహకార ఒడంబడిక చేసుకున్న నాటినుంచి హైదరాబాదు పేరుకు స్వతంత్ర సంస్థానం, నిజానికి ఇంగ్లీషు వాళ్ల నమ్మిన మిత్రుడు. కాబట్టి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు రైతు నెత్తిన మూడు బరువులున్నాయి. ఊళ్లో దేశ్‌ముఖ్, నగరంలో నిజాం, ఆ పైన తెల్లదొర. స్వాతంత్ర్యం అంటే వీళ్లలో ఎవరి నుంచి? ఈ ప్రశ్నకు ఒక్కో కాలంలో ఒక్కో ఆలోచన ఒక్కో జవాబు చెప్పింది. ఆ ఆలోచనల్లో కొన్ని అమెరికా నుంచి, కొన్ని రష్యా నుంచి, కొన్ని సబర్మతి నుంచి వచ్చాయి. వాటిలో ఏది నిలిచిందో, ఏది జారిపోయిందో తేల్చింది మాత్రం ఇక్కడి జనమే.

సూర్యాపేట నుంచి బెజవాడ దారి పట్టినవాళ్లకు మధ్యలో మునగాల తగులుతుంది. ఆనాడు ఈ దారిన వెళ్లడం ఒక వింత. నిజాం రాజ్యంలో బయలుదేరి, మునగాల దగ్గర బ్రిటిష్ ఇండియాలో అడుగుపెట్టి, కోదాడ వచ్చేసరికి మళ్లీ నిజాం రాజ్యంలో తేలాలి. చుట్టూ నిజాం నేల, నడుమ కృష్ణా జిల్లాకు చెందిన ఒక ముక్క. అదే మునగాల పరగణా. నడిగూడెం కోటలో ఉండే జమీందారు రాజా నాయని వెంకట రంగారావు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు.

తెలంగాణలో కొత్త ఆలోచనలకు తలుపు తీసింది ఈ ఇద్దరూ, వాళ్ల మిత్రుడు రావిచెట్టు రంగారావూ అంటే అతిశయోక్తి కాదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు వారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. పైకి అది పుస్తకాలు, పత్రికలు చదువుకునే చోటు మాత్రమే. సభ పెట్టాలంటే అనుమానంగా చూసే సర్కారుకు గ్రంథాలయంలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

కొమర్రాజు అక్కడితో ఆగలేదు. ఆయన చదువు నాగపూర్‌లో సాగింది. మరాఠీ బాగా వచ్చు. మహారాష్ట్రలో తిలక్ తరం చరిత్రను జనం చేతికి ఎలా అందిస్తున్నదో దగ్గరగా చూశాడు. జాతికి తన గతం తెలియాలి, దానితోపాటు ప్రకృతి శాస్త్రాలూ తెలియాలి, రెండూ తల్లిభాషలోనే తెలియాలి అన్నది ఆయన పట్టుదల. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. మండలి అచ్చు వేసిన మొదటి పుస్తకం పురాణం కాదు, ప్రబంధమూ కాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర.

ఎందుకు లింకన్? కారణం ఊహించడం కష్టం కాదు. మనిషిని మనిషి కొనుక్కోవడం తప్పని చెప్పి, యుద్ధం నడుమ బానిసలకు విముక్తి ప్రకటించిన దేశాధినేత కథ అది. పరాయి పాలన గురించి నేరుగా రాస్తే జైలే. వేరే ఖండంలో బానిసత్వం పోయిన కథ రాస్తే చదివేవాడు మిగతాది తానే పూరించుకుంటాడు. గాడిచర్లకు ఆ జాగ్రత్త ఎక్కువ కాలం నిలవలేదు. 1908లో బెజవాడ నుంచి వచ్చే ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు ఆయన్ను రాజద్రోహం కింద జైల్లో పెట్టారు. లింకన్ పుస్తకం మాత్రం ఊళ్లలో తిరుగుతూనే ఉంది.

ఈ తొలి తరానిది ఒక రకం తాత్విక దృష్టి. జ్ఞానం వస్తే హక్కు తెలుస్తుంది, హక్కు తెలిస్తే మనిషి అడుగుతాడు, అడిగితే రాజు ఇవ్వక తప్పదు. ఐరోపా ఉదారవాదం గోఖలే, రానడేల మీదుగా మన దాకా వచ్చిన రూపం ఇది. దానికి హైదరాబాదులో పెద్ద పరీక్ష 1921 నవంబరులో ఎదురైంది. మహారాష్ట్ర సంస్కర్త కర్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరుగుతున్నది. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి ఆపేశారు. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు దానికి నడుం కట్టాడు. మరుసటి ఏడు నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ పత్రిక తెచ్చాడు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ’ పత్రిక మొదలైంది. 1928లో జనసంఘపు సభ సూర్యాపేటలో జరిగింది.

జనసంఘం చేసిన ఒక పనిని మన చరిత్ర పుస్తకాలు తొందరగా దాటేస్తాయి. వెట్టిచాకిరీని నిషేధిస్తూ నిజాం సర్కారే కొన్ని ఉత్తర్వులు ఇచ్చి ఉంది. అవి దఫ్తర్లలో ఉర్దూలో మూలుగుతున్నాయి. జనసంఘం వాటిని చిన్న తెలుగు పుస్తకాలుగా వేసి ఊళ్లకు పంచింది. రాజు మాట రాజు మనుషుల మీదికే తిప్పే ఎత్తు.

వెట్టి అంటే ఏమిటో ఈ తరానికి చెప్పాలి. దొర గడీకి చాకలి బట్టలు ఉతకాలి, నీళ్లు మోయాలి, అధికారి వస్తే వంట పాత్రలు కడగాలి. కుమ్మరి కుండలు ఊరికే ఇవ్వాలి. మాదిగ తోలు పని చేయాలి, చెప్పులు, మోట తొండాలు కుట్టి ఇవ్వాలి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కాగితాలు మోయాలి. గొల్ల గొర్రెలివ్వాలి, గీత కార్మికుడు కల్లు పోయాలి. రైతు తన పొలం ఎండుతున్నా ముందు దొర పొలం దున్నాలి. గడీలో ఆడవాళ్ల బతుకు ఇంకా ఘోరం. కూలి లేదు, కాదనే వీలు లేదు. ‘బాంచన్ దొరా, నీ కాల్మొక్తా’ అన్నది మర్యాద మాట కాదు, బతకడానికి కట్టవలసిన పన్ను.

ఇక దొరల భూమి. విసునూరు దేశ్‌ముఖ్ కింద 40,000 ఎకరాలు, సూర్యాపేట తాలూకా జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలు ఉన్నాయని పుచ్చలపల్లి సుందరయ్య పోరాట చరిత్రలో లెక్క కట్టాడు. ఇంత భూమి ఉన్నవాడి ముందు, చేతిలో ఫర్మానా నకలుతో నిలబడ్డ చాకలి ఏం చేయగలడు? ఫర్మానా హైదరాబాదులో ఉంది, గడీ ఊరి నడుమ ఉంది. ఉదారవాదం ఓడింది ఇక్కడే. అది చెప్పింది తప్పు కాదు, దాన్ని అమలు చేయించే బలం దానికి లేదు.

ఇంతలో కృష్ణకు అవతల గాంధీ గాలి వీచింది. 1921లో చీరాల-పేరాల జనం పురపాలక పన్నులు కట్టబోమని ఇళ్లు వదిలి ఊరి బయట గుడిసెలు వేసుకున్నారు. వాళ్లను నడిపించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎడింబరోలో చదివి, ఆనంద కుమారస్వామితో కలిసి పనిచేసి వచ్చినవాడు. భారతీయ కళ, ధర్మం గురించి అక్కడ ఏర్పడ్డ ఆలోచన ఇక్కడ రామదండు అనే స్వచ్ఛంద దళంగా, కీర్తనలుగా, పన్ను నిరాకరణగా మారింది. పల్నాటి అడవుల్లో పశువుల మేతపై పుల్లరి కట్టేది లేదన్న కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. మిర్యాలగూడ వైపు సంతలకు పశువులతో వచ్చే పల్నాటి రైతులు ఆ కబురు మోసుకురాకుండా ఉంటారా?

గాంధీ ఆలోచనకు మూలాలు కూడా ఒక్క దేశానివి కావు. టాల్‌స్టాయ్, రస్కిన్, థోరో అందులో ఉన్నారు, గీతా ఉంది. కానీ రైతుకు అందిన రూపం చాలా సూటిగా ఉంది: భయపడకు, సహకరించకు, దెబ్బ తిని నిలబడు. భువనగిరి దగ్గర బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డి ఈ మాటకు కదిలినవాళ్లలో ఒకడు. దొరల కుటుంబాలతో చుట్టరికం ఉన్నవాడైనా 1930లో సరిహద్దు దాటి కాకినాడ వెళ్లి ఉప్పు సత్యాగ్రహంలో చేరాడు. తిరిగి వచ్చి హరిజన సేవలో పడ్డాడు. అదే కాలంలో తుంగతుర్తి ప్రాంతపు కరివిరాల కొత్తగూడెంలో ఒక భూస్వామి ఇంట ఆడపిల్ల పుడితే, గాంధీ ఉద్యమంలో ఉన్న బంధువుల కోరిక మీద స్వరాజ్యం అని పేరు పెట్టారు. ఆమే తర్వాతి కాలపు మల్లు స్వరాజ్యం.

అయితే గాంధీ బాటకు సంస్థానంలో ఒక అడ్డంకి ఉంది. సంస్థానాల పోరాటాలు ఆయా ప్రజలే నడుపుకోవాలి, కాంగ్రెస్ నేరుగా దిగదు అని 1938 హరిపురా సమావేశం తేల్చింది. ఆ ఏడాదే స్టేట్ కాంగ్రెస్ హైదరాబాదులో సత్యాగ్రహం చేసింది, ఆర్యసమాజం తన సత్యాగ్రహం వేరుగా నడిపింది, ఉస్మానియా విద్యార్థులు వందేమాతరం పాడి బహిష్కరణకు గురయ్యారు. రావి నారాయణరెడ్డి జైలుకు వెళ్లాడు. డిసెంబరులో గాంధీ సలహాపై స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం ఆగిపోయింది. జైళ్లలో ఉన్న కుర్రవాళ్లకు అది మింగుడు పడలేదు. నిజాంను కదిలించకుండా, గడీ జోలికి పోకుండా వచ్చే స్వరాజ్యం ఎవరికి? గాంధీ మీద భక్తి పోని వాళ్లు కూడా అడగడం మొదలుపెట్టిన ప్రశ్న ఇది.

జవాబు మళ్లీ మునగాల దారిలోనే వచ్చింది, ఈసారి గ్రంథాలయ స్థాపకుడికి ఎదురుగా. 1930ల చివరలో మునగాల పరగణా రైతులు నండూరి ప్రసాదరావు నాయకత్వంలో తమ జమీందారు మీదే తిరగబడ్డారు. ఆ జమీందారు మరెవరో కాదు, నాయని వెంకట రంగారావే. లింకన్ చరిత్రను అచ్చు వేయించిన మండలికి అండగా నిలిచిన రాజు, తన పొలాల్లో పనిచేసేవాళ్లు హక్కులు అడిగితే మాత్రం జమీందారుగానే మిగిలాడు. ఇందులో ఆయనొక్కణ్ని దోషిగా నిలబెట్టడం సులువు. అసలు సంగతి వేరు. ఆలోచనను పోషించినవాడి అనుమతి కోసం ఆలోచన ఆగదు.

కోస్తాలో 1934 నాటికి కమ్యూనిస్టు పార్టీ ఏర్పడింది. బెజవాడ దాని కేంద్రం. అక్కడి నుంచి కోదాడ ఎంత దూరం? పత్రికలు, కరపత్రాలు, మనుషులు అన్నీ ఈ సరిహద్దు దారిలోనే నడిచాయి. హైదరాబాదులో 1939లో మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ తదితరులు కామ్రేడ్స్ అసోసియేషన్ పెట్టారు. ఉర్దూలో చదివిన మార్క్స్, తెలుగులో చదివిన మార్క్స్ అక్కడ కలుసుకున్నారు. నిజాం మీద పోరాటాన్ని మతాల తగాదాగా చూపించేవాళ్లకు ఈ ఒక్క వాస్తవం చాలు.

పుస్తకాన్ని జనం దగ్గరికి మోసినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. నకిరేకల్ ప్రాంతపు పేదింటి పిల్లవాడు. పంతుళ్ల ఇళ్లలో వంట చేస్తూ చదువు నేర్చుకున్నాడు, బెజవాడలో హోటల్ సర్వరుగా పనిచేశాడు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు వేసి, తానే మోసుకుంటూ తిరిగి అమ్మాడు. ‘ప్రజల మనిషి’ నవల రాసిన చేయి, పుస్తకాల కట్ట మోసిన చేయి ఒక్కటే. తెలంగాణ పోరాటంలో సిద్ధాంతకర్తల పేర్లు చాలా వింటాం. ఈ మోత పని చేసినవాళ్లకు అంతకన్నా పెద్ద పీట వేయాలి.

గోర్కీ ‘అమ్మ’ నవలను క్రొవ్విడి లింగరాజు తెలుగు చేశాడు. మల్లు స్వరాజ్యం పదేళ్ల వయసులోనే ‘అమ్మ’ చదివానని తర్వాత చెప్పుకుంది. పేరు గాంధీ ఉద్యమం నుంచి, పుస్తకం రష్యా నుంచి. జనసంఘం తర్వాతి రూపమైన ఆంధ్ర మహాసభ పిలుపు విని, తమ సొంత పొలంలో వెట్టి చేసేవాళ్లకు బియ్యం పంచింది. అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి దళాలు నడిపితే తానూ తుపాకి పట్టింది. ఆమె తలకు సర్కారు 10,000 రూపాయల వెల కట్టింది.

1941లో కోదాడ పక్కన చిలుకూరులో ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి, అప్పటికి కమ్యూనిస్టు. వకీళ్లు, జాగీర్దారుల బంధువులు ముందు వరుసల్లో కూచునే మహాసభలోకి రైతులు రావడం అక్కడినుంచి పెరిగింది. 1944 భువనగిరి సభతో మితవాదులు వేరు దారి చూసుకున్నారు. ఊళ్లలో జనం దాన్ని మహాసభ అనడం మానేసి ‘సంఘం’ అన్నారు.

సంఘంలో చేరిన గొల్ల, చాకలి, మాదిగల్లో మార్క్స్ రాతలు చదివినవాళ్లు ఎంతమంది? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లకు ఆ సిద్ధాంతం బుర్రకథలో, గొల్లసుద్దుల్లో, సుద్దాల హనుమంతు, బండి యాదగిరి కట్టిన పాటల్లో అందింది. అదనపు విలువ అన్న లెక్క ఎవరికీ అక్కర్లేదు. తాను పండించిన వడ్లు లేవీ పేరిట పటేల్ కొలుచుకుపోతుంటే, అప్పు తెచ్చిన గింజలకు నాగు వడ్డీ కట్టలేక పొలం పోతుంటే, దోపిడీ అంటే ఏమిటో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. సిద్ధాంతం కొత్తగా ఇచ్చింది రెండే: ఇది కర్మ కాదని, ఒక్కడివి కాదని.

1946 జులై 4న కడవెండిలో విసునూరు దొర గూండాల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ తర్వాత కథ తెలిసిందే. గుత్పలు, వడిసెలలు, కారపు పొడి, ఆ పైన తుపాకులు. ఢిల్లీలో 1947 ఆగస్టు 15న జెండా ఎగిరినప్పుడు హైదరాబాదు అందులో చేరలేదు. రజాకార్ల దాడులు, దళాల ఎదురుదాడులు, సరిహద్దు వెంట కాంగ్రెస్ శిబిరాలు. సంస్థానం భారత్‌లో కలవాలని రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో నరికి చంపారు. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, అయిదో రోజుకు నిజాం లొంగిపోయాడు. సుమారు 3,000 ఊళ్లలో 10 లక్షల ఎకరాలు పంచామని, 4,000 మందికి పైగా ప్రాణాలిచ్చారని పార్టీ లెక్క.

తాత్విక చర్చ ముదిరింది ఈ దశలోనే. నిజాం పోయాడు, ఇప్పుడు తుపాకి దించాలా వద్దా? 1948లోనే ఆంధ్ర కమ్యూనిస్టు నాయకత్వం మావో ‘నూతన ప్రజాస్వామ్యం’ ఆధారంగా మనది చైనా తరహా దారి అని వాదించింది. పార్టీ ప్రధాన కార్యదర్శి రణదివే రష్యా దారే దారి అన్నాడు. చైనాలో మావో ఇంకా అధికారానికి రాకముందే మన ఊళ్ల అనుభవాన్ని పట్టుకుని ఆయన్ను చదివినవాళ్లు తెలుగువాళ్లు! 1951 మొదట్లో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. వెనక ఆసరాగా మిత్ర దేశపు సరిహద్దు లేని చోట గెరిల్లా యుద్ధం నిలవదన్నది అక్కడ వినిపించిన మాట. నల్లగొండ రైతు భవిష్యత్తు మీద క్రెమ్లిన్‌లో చర్చ జరగడం గర్వకారణమని కొందరంటారు. తుపాకి దించాలన్న తీర్పు అప్పటికే రావి నారాయణరెడ్డి వంటి వాళ్లు ఇక్కడే ఇచ్చారు, ‘నగ్న సత్యాలు’ అని పుస్తకమే వేసి పార్టీ ఆగ్రహానికి గురయ్యారు. ఇంటి మాట వినడానికి మాస్కో దాకా వెళ్లాల్సి వచ్చిందన్నదే చేదు నిజం.

గాంధీ ఆలోచన కూడా ఈ జిల్లాను వదల్లేదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లి వచ్చాడు. భూమి లేని హరిజనులు తమకు 80 ఎకరాలు కావాలంటే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. తుపాకి అడిగిన ప్రశ్ననే దానం మళ్లీ అడిగింది. భూదానం దేశమంతా తిరిగినా, అది పుట్టడానికి కారణం ఈ జిల్లాలో అప్పటికి అయిదేళ్లుగా రాజుకున్న మంటే.

1949లో జాగీర్ల రద్దు జరిగింది, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 అక్టోబరు 21న పార్టీ పోరాటాన్ని విరమించింది. కొద్ది నెలల్లోనే మొదటి సార్వత్రిక ఎన్నికలు. పార్టీపై నిషేధం ఉండటంతో కమ్యూనిస్టులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరిట నిలబడ్డారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఉప్పు సత్యాగ్రహి, హరిజన సేవకుడు, చిలుకూరు మహాసభ అధ్యక్షుడు, కమ్యూనిస్టు నాయకుడు అయిన రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. ఆ ఎన్నికల్లో దేశం మొత్తంలో అవే అత్యధికం. జవహర్‌లాల్ నెహ్రూకు కూడా అన్ని రాలేదు.